నడుస్తున్న బండి కీచుమంటోందా? చప్పుడు వచ్చే వేళను బట్టి లోపం పట్టుకోండి

తోటలో కోసిన టమాటా తెల్లవారేలోపు మదనపల్లె మార్కెట్టుకు చేరాలి. కల్లంలో ఆరిన మిర్చి వాన పడకముందే గుంటూరు యార్డుకో, వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకో వెళ్లాలి. అలాంటి రోజున బండి దారిలో ఆగిపోతే పోయేది మెకానిక్ కూలి ఒక్కటే కాదు. సరుకు వాడిపోతుంది, వేలం వేళ దాటిపోతుంది, ఇంకో బండి పిలిపిస్తే దాని కిరాయి అదనం. బ్రేకు లేక బండి అదుపు తప్పితే మనిషి ప్రాణానికే ముప్పు.

బండి చెప్పకుండా ఆగిపోవడం తక్కువ. చాలాసార్లు అంతకు కొన్ని రోజుల ముందు నుంచే కీచుమనో, కిర్రుమనో చప్పుడు చేస్తూ ఉంటుంది. మనం పాట పెట్టుకుని నడుపుతాం, లేదా పాత బండి కదా అని వదిలేస్తాం. ఆ చప్పుళ్లలో కొన్ని నిజంగానే వదిలేయదగ్గవి. కొన్ని మాత్రం ఆ రోజే చూడాల్సినవి. ఏది ఏదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చెవి, చెయ్యి, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. ఈ వ్యాసంలో ముందు మినీ ట్రక్కు, పికప్, కారు గురించి, తర్వాత ట్రాక్టరు, ట్రాలీ గురించి చెబుతున్నాం.

ఎక్కడి నుంచి అని కాదు, ఎప్పుడు వస్తోందో చూడండి

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చెవితో చెప్పడం కష్టం. ఇనుప ఛాసిస్ మీదుగా శబ్దం పాకుతుంది. వెనక చక్రం దగ్గర పుట్టినది క్యాబిన్ కిందే ఉన్నట్టు వినిపిస్తుంది. అందుకని ముందు 'ఎప్పుడు' అని అడగాలి.

మొదట బండిని నిలిపి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఇంజన్ నడపండి. కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. చప్పుడు వస్తే లోపం ఇంజన్ వైపే ఉంది. బెల్టు, దానితో తిరిగే పుల్లీలు, బేరింగులు చూడాలి. నిలబడి ఉండగా రాకుండా బండి కదిలితేనే వస్తే చక్రాలు, బ్రేకులు, షాఫ్టు, కమాన్ల వైపు వెతకాలి.

తర్వాత ఊరి బయట సమతలంగా ఉన్న ఖాళీ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఒక్క క్షణం క్లచ్ నొక్కండి. ఇంజన్ వేగం తగ్గినప్పుడు చప్పుడూ తగ్గితే అది ఇంజన్‌తో ముడిపడినది. ఇంజన్ నెమ్మదించినా చప్పుడు అదే లయలో కొనసాగి, బండి వేగం తగ్గే కొద్దీ తగ్గితే అది చక్రాలతో ముడిపడినది. ఈ పరీక్ష దిగుడులో చేయకూడదు. తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపడం అసలే కూడదు. ఇంజన్ ఆగితే బ్రేకుకు ఉన్న బూస్టర్ సాయం పోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. చెవి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది.

మూడోది, అదే వేగంలో బ్రేకు పెడల్ మీద కాలు సుతారంగా ఆనించి చూడండి. చప్పుడు మొదలైందా, ఆగిపోయిందా, మారిందా? నాలుగోది, ఎడమకు, కుడికి తిప్పినప్పుడు మారుతోందా? ఐదోది, స్పీడ్ బ్రేకరు, గుంత ఎక్కి దిగినప్పుడే వస్తోందా? ఖాళీగా ఉన్నప్పుడా, లోడుతోనా? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, పది కిలోమీటర్లు తిరిగాకా?

ప్రహరీ గోడ పక్కగా అద్దాలు దించుకుని మెల్లగా నడపండి. గోడకు తగిలి వెనక్కి వచ్చే శబ్దంతో చప్పుడు ఆ వైపు చక్రాలదా, ఎదుటి వైపుదా బాగా తేలుతుంది. ఇంకో వైపు వినడానికి తిరుగు దారిలో రండి. గమనించినదంతా ఒక కాగితం మీద రాసుకుంటే మెకానిక్ దగ్గర సగం పని అయినట్టే.

స్టార్ట్ చేయగానే కీచు: బెల్టు

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, హెడ్‌లైట్లు వేసినప్పుడు, ఏసీ పెట్టినప్పుడు, స్టీరింగ్ చివరి వరకూ తిప్పినప్పుడు ఒక్కసారిగా కీచుమని అరిచి ఆగిపోతే దాదాపు ఎప్పుడూ బెల్టు జారుతున్నట్టే. ఆ సమయాల్లో బెల్టు మీద బరువు పెరుగుతుంది. వదులుగా ఉన్న బెల్టు పుల్లీని తిప్పలేక దాని మీద జారుతూ అరుస్తుంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. చాలా బళ్లలో ఆల్టర్నేటర్, నీళ్ల పంపు ఒకే బెల్టు మీద నడుస్తాయి. బెల్టు తెగితే బ్యాటరీ చార్జింగ్ ఆగుతుంది, రేడియేటర్ నీళ్లు తిరగవు, కొన్ని నిమిషాల్లోనే ఇంజన్ వేడెక్కుతుంది. అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, హెడ్ వంగుతుంది. బెల్టు ఖరీదుకు, ఆ రిపేరు ఖరీదుకు పోలికే లేదు.

ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకుని బెల్టు చూడండి. లోపలి వైపు అద్దంలా నున్నగా మెరుస్తున్నా, పగుళ్లు ఉన్నా, అంచులు పీచులు లేచినా, ఆయిల్ తడి ఉన్నా మార్చాల్సిందే. ఆయిల్ తడి ఉంటే ముందు లీకు ఆపాలి, లేదంటే కొత్త బెల్టూ అలాగే పోతుంది. బెల్టు బాగుంటే బిగువు చూడండి. రెండు పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలా వీ బెల్టులు 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగుతాయి. సరైన కొలత మీ బండి పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. అంతకన్నా దిగితే ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి, బెల్టును బిగించి, మళ్లీ బోల్టు బిగించాలి. అరుపు పోవాలని మరీ బిగిస్తే ఆల్టర్నేటర్, నీళ్ల పంపు బేరింగులు పాడవుతాయి. కొత్త బెల్టు మొదట్లో కొంత సాగుతుంది కాబట్టి వారం పది రోజులకు మరోసారి బిగువు చూడాలి.

వెడల్పుగా గాళ్లు ఉండే బెల్టున్న బళ్లలో బిగువును టెన్షనర్ తనే సరిచేసుకుంటుంది. అక్కడ కిచకిచమని లయగా చప్పుడు వస్తుంటే ఒక పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి స్ప్రే సీసాతో బెల్టు గాళ్ల వైపు కొద్దిగా నీళ్లు చల్లండి. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవనో, గాళ్లలో మట్టి చేరిందనో అర్థం. చప్పుడు ఇంకా పెద్దదైతే బిగువు చాలడం లేదు. బెల్టు, టెన్షనర్ చూడాలి. ఈ పని చేసేటప్పుడు తువ్వాలు, లుంగీ, పైట కొంగు, చేతి దారాలు బెల్టు దరిదాపుల్లో ఉండకూడదు. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్న బళ్లలో ఇంజన్ ఆపినా ఫ్యాను తిరగవచ్చు.

సబ్బు, కొవ్వొత్తి మైనం, గ్రీజు, పౌడరు బెల్టుకు రాసే అలవాటు మన దగ్గర ఉంది. రెండు రోజులు నోరు మూయిస్తాయి, అంతే. సబ్బు, మైనం మట్టిని పట్టి ఉంచుతాయి. గ్రీజు రబ్బరును మెత్తబరుస్తుంది. జారుడు ఎక్కువై బెల్టు మరింత త్వరగా పోతుంది.

బెల్టు బాగున్నా చప్పుడు పోకపోతే ఏదో ఒక పుల్లీ బేరింగు ఎండిపోయి ఉండవచ్చు. మెకానిక్ బెల్టు తీసేసి ఇంజన్‌ను కొద్ది సెకన్లు మాత్రమే నడుపుతాడు. చప్పుడు ఆగితే బెల్టుతో తిరిగే వాటిలో ఒకటి లోపం. అప్పుడు ఒక్కో పుల్లీని చేత్తో తిప్పితే గరగరలాడేది దొరికిపోతుంది. నీళ్ల పంపు ఊగుతున్నా, దాని కింద నీటి మరక కనిపించినా ఆ పంపుతో లోడు ఎత్తవద్దు.

బ్రేకు చప్పుళ్లు: ఏది మామూలు, ఏది ప్రమాదం

వాన పడిన మర్నాడు, లేదా బండి రెండు మూడు రోజులు కదలకుండా ఉన్నాక, మొదటి నాలుగైదు బ్రేకులకు గరుమని వచ్చి పోతే అది డిస్క్ మీద పట్టిన పలుచని తుప్పు. దానికి ఏమీ చేయనవసరం లేదు.

మట్టి రోడ్డు మీద, కంకర పరిచిన కొత్త రోడ్డు మీద వెళ్లొచ్చాక ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా ఇనుము ఇనుమును గీరినట్టు వస్తే భయపడకండి. డిస్క్ వెనక పలుచని రేకు ఒకటి ఉంటుంది. దానికీ డిస్క్‌కూ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కుంటే ఇదే చప్పుడు. బండిని మెల్లగా కొన్ని గజాలు వెనక్కి, ముందుకు నడిపితే చాలాసార్లు రాయి పడిపోతుంది. పడకపోతే చక్రం విప్పి తీయాలి. ఆ రేకు వంగి డిస్క్‌కు తగులుతున్నా ఇలాగే ఉంటుంది, వేలితో కాస్త వెనక్కి వంచితే సరిపోతుంది. డిస్క్ వేడిగా ఉంటుంది కాబట్టి చల్లారాకే చెయ్యి పెట్టండి.

బ్రేకు నొక్కినప్పుడల్లా సన్నగా, ఎత్తుగా కీచుమంటే ప్యాడ్లు అరిగిపోవచ్చాయేమో చూడాలి. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక అమర్చి ఉంటుంది. ప్యాడ్ అరిగి పలుచబడ్డాక అది డిస్క్‌ను తాకి అరుస్తుంది. అరవడానికే దాన్ని పెట్టారు. కొన్ని బళ్లలో ఈ అరుపు బ్రేకు నొక్కనప్పుడు వచ్చి, నొక్కగానే ఆగుతుంది. అందుకే బ్రేకు వేస్తే పోతోంది కదా, బ్రేకులది కాదులే అనుకోవద్దు. ప్యాడ్ మీద రాపిడి పదార్థం 3 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు రెండు రూపాయి నాణేలు ఒకదానిపై ఒకటి పెట్టినంత మందానికి వస్తే మార్చేయండి. చక్రం కన్నాల్లోంచి టార్చి వేసి బయటి ప్యాడ్ చూడవచ్చు. లోపలి ప్యాడ్ ఒక్కోసారి ఎక్కువ అరుగుతుంది కాబట్టి చక్రం విప్పి చూడడమే మంచిది.

కీచు చప్పుడు పోయి గరగర మొదలైతే బాగుపడిందని కాదు. ప్యాడ్ పూర్తిగా అరిగి దాని వెనకున్న ఇనుప పలక డిస్క్‌ను కోస్తోంది. బ్రేకు సగం కూడా పట్టదు. లోడు ఎత్తకుండా, ఆ రోజే దగ్గర్లోని మెకానిక్‌ను పిలిపించండి. ఆలస్యమైతే డిస్క్ కూడా మార్చాల్సి వస్తుంది.

వెనక చక్రాలకు చాలా బళ్లలో డ్రమ్ము, లైనర్లు ఉంటాయి. వీటి చప్పుడుకు మన రోడ్ల మీద మొదటి కారణం లోపల చేరే దుమ్ము. రెండోది ఎక్కువ వేడికి లైనరు పైభాగం గాజులా నునుపెక్కడం. మూడోది లైనరు అరిగి రివెట్లు డ్రమ్మును తాకడం. డ్రమ్ము విప్పినప్పుడు దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి పైపు పెట్టకూడదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. తడి గుడ్డతో తుడవండి. డ్రమ్ములో గాడి పడితే లేత్ మీద సాపు చేయిస్తారు. కానీ డ్రమ్ము మీద రాసి ఉన్న గరిష్ఠ కొలత దాటితే కొత్తది వేయాలి.

ప్యాడ్లైనా లైనర్లైనా ముందు రెండు చక్రాలకు కలిపి, లేదా వెనక రెండు చక్రాలకు కలిపి మార్చాలి. ఒక్క చక్రానికే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపుకు లాగుతుంది. చప్పుడు పోవాలని లైనరు మీద, ప్యాడ్ మీద ఆయిల్ చుక్క వేయడం ప్రాణంతో ఆట. ఆయిల్ పడిన లైనరు కడిగినా పనికిరాదు.

పది కిలోమీటర్లు తిరిగి వచ్చాక నాలుగు చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి వెనక వైపు పెట్టి, తాకకుండా వేడి గమనించండి. ఒకటి మిగతా వాటికన్నా చాలా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుని వదలడం లేదు, లేదా బేరింగు పోతోంది. ఇంతకు ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారో లేదో కూడా చూసుకోండి. సగం దించిన హ్యాండ్ బ్రేకుతో ఊరంతా తిరిగి, చప్పుడు ఎక్కడిదా అని వెతికేవాళ్లు తక్కువేం కాదు.

ఘాట్ దిగేటప్పుడు కీచుతో పాటు మాడు వాసన వస్తే బ్రేకులు మితిమీరి వేడెక్కాయి. కాసేపటికి పెడల్ నొక్కినా పట్టని స్థితి వస్తుంది. వీలైన చోట పక్కకు ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, అరగంట చల్లారనివ్వండి. నీళ్లు పోయవద్దు, ఎర్రగా కాలిన ఇనుము ఒక్కసారి చల్లబడితే డిస్క్ వంకరపోతుంది, డ్రమ్ము పగులుతుంది. ఎక్కిన గేరులోనే దిగడం పాత డ్రైవర్ల సూత్రం. ఇప్పటికీ అదే సరైనది.

ఇంకొకటి. బ్రేకు ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో లీకు ఉండాలి. ఊరికే నింపి ఊరుకోవద్దు. మూత మీద రాసి ఉన్న డాట్ 3 గానీ, డాట్ 4 గానీ అదే వాడాలి. ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకులు పూర్తిగా పోతాయి.

చక్రం బేరింగు, చక్రం నట్లు

బేరింగు పోయేటప్పుడు సాధారణంగా గుంయ్‌మని మొదలవుతుంది. వేగం పెరిగే కొద్దీ పెరుగుతుంది. గ్రీజు పూర్తిగా ఎండితే కీచుమంటుంది, ఆఖర్న గరగరలాడుతుంది. మలుపులో గమనించండి. ఎడమకు తిరిగేటప్పుడు బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు చప్పుడు పెరిగితే కుడి బేరింగు, కుడికి తిరిగేటప్పుడు పెరిగితే ఎడమ బేరింగు అనుమానించాలి.

ఖాయం చేసుకోవడానికి సరుకు దించి, గట్టి సమతల నేల మీద జాకీ పెట్టి చక్రం లేపండి. మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. పొలం గట్టు మీద, మెత్తని నేలలో అయితే జాకీ కింద మందపాటి చెక్క ఉండాలి. జాకీ ఒక్కదాని మీద నమ్మకంతో బండి కిందికి దూరవద్దు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. టకటకమని ఆట తెలిస్తే బేరింగు గానీ, బాల్ జాయింటు గానీ వదులైంది. తర్వాత చేత్తో తిప్పండి. మంచి బేరింగు నున్నగా తిరుగుతుంది. పోయినది ఇసుకలో తిరిగినట్టు చేతికి తెలుస్తుంది. పోయిన బేరింగుతో లోడు మీద దూరం వెళ్తే అది బిగుసుకుపోయి యాక్సిల్ చివరనే తినేస్తుంది, చక్రం ఊడిపోయే ప్రమాదమూ ఉంది.

పంక్చరు వేయించిన తర్వాత మెల్లగా వెళ్తున్నప్పుడు కిర్రు కిర్రుమని కొత్త చప్పుడు మొదలైతే బేరింగు కన్నా ముందు చక్రం నట్లు చూడండి. వదులైన నట్లు అలాగే అరుస్తాయి. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడాలి.

షాఫ్టు క్రాసులు

వెనక చక్రాలు లాగే బళ్లలో గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. దాని రెండు చివర్లా క్రాసులు ఉంటాయి. గ్రీజు ఎండితే బండి కదిలీ కదలగానే పిచ్చుక అరిచినట్టు కిచ్, కిచ్, కిచ్ అని లయగా వస్తుంది. వేగంతో పాటు లయ పెరిగి, తర్వాత రోడ్డు శబ్దంలో కలిసిపోతుంది. ముందుకు, వెనక్కి గేరు మార్చినప్పుడు ఠక్కుమంటే క్రాసు అరిగింది. చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజన్ ఆపి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే ఆట తెలుస్తుంది. గ్రీజు నిపుల్ ఉన్న క్రాసుకు నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఒక కప్పు దగ్గర ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే గ్రీజుతో పని అవదు, క్రాసు మార్చాలి. నడుస్తుండగా విరిగితే షాఫ్టు రోడ్డుకు కొట్టుకుని బండినే ఎత్తేస్తుంది.

కమాన్లు, బుష్‌లు

గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రమే కిర్రుమంటూ మంచి రోడ్డు మీద ఆగిపోతే అది కమాన్ల చప్పుడు, లేదా రబ్బరు బుష్‌ల చప్పుడు. వాన పడినప్పుడు తగ్గి ఎండకు తిరిగి వస్తే అనుమానం బలపడుతుంది. ఇది చాలా వరకు తొందర లేని చప్పుడే. అయితే పట్టీ విరిగి ఉందేమో ఒకసారి చూడాలి. బండిని సమతల నేల మీద నిలిపి వెనక నుంచి చూస్తే విరిగిన వైపు దిగి కనిపిస్తుంది. యూ బోల్టులు, మధ్య బోల్టు బిగువుగా ఉండాలి. కొత్తగా పట్టీలు వేయించినప్పుడు వారంలో మళ్లీ బిగించాలి.

కమాన్ల మీద పాత ఇంజన్ ఆయిల్ పోయడం మన ఊళ్లలో మామూలే. దానికి దుమ్ము అంటుకుని ఆకురాయిలా పట్టీలను అరగదీస్తుంది, చుక్కలు వెనక డ్రమ్ముల్లోకి పోతాయి, రబ్బరు బుష్‌లు ఉబ్బి చీలుతాయి. పట్టీలు విప్పి, తుప్పు గోకి, మధ్యన గ్రాఫైట్ గ్రీజు రాసి బిగించడం సరైన పద్ధతి. రబ్బరు బుష్ అరుస్తోందో లేదో తెలుసుకోవడానికి దాని మీద సబ్బు నీళ్లు పోసి చూడండి. చప్పుడు ఆగితే దొరికినట్టే. అరిగి ఉంటే మార్చాలి, బాగుంటే సిలికాన్ స్ప్రే చాలు.

స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర కిర్రుమంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బాల్ జాయింటు రబ్బరు చిరిగి, గ్రీజు పోయి ఉండవచ్చు. అది ఊడితే చక్రం మడతపడుతుంది.

క్లచ్ పెడల్ నొక్కినప్పుడే కీచుమంటే క్లచ్ రిలీజ్ బేరింగు. నొక్కితే ఆగి, వదిలితే వస్తే గేర్‌బాక్సు లోపలి బేరింగు. రెండూ గేర్‌బాక్సు దించాల్సిన పనులే కాబట్టి సీజను లేనప్పుడు పెట్టుకోండి. పెడల్ కీలు దగ్గరే కిర్రుమంటే ఒక చుక్క ఆయిల్‌తో సరి. ఇక తలుపులు, సీటు, తొట్టి వెనక గొళ్లెం, ఖాళీ క్రేట్లు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వంటివి బండి ఖాళీ చేసి, పక్కన ఒక మనిషి చెయ్యి పెట్టి నొక్కి చూస్తే బయటపడతాయి. వాటికి డబ్బు పెట్టనవసరం లేదు.

ట్రాక్టరు, ట్రాలీ

ట్రాక్టరు చప్పుళ్లకు పెద్ద కారణం దమ్ము. బురద నీళ్లు ముందు హబ్బుల్లోకి, కింగ్ పిన్నుల్లోకి, మధ్య పిన్నులోకి చేరి గ్రీజును కడిగేస్తాయి. దమ్ములో దిగిన రోజున, ఆ సాయంత్రమే నిపుల్స్ అన్నిటికీ గ్రీజు కొట్టాలి. మర్నాటికి వాయిదా వేస్తే రాత్రంతా నీళ్లు లోపలే ఉండి తుప్పు పడుతుంది. కొట్టే ముందు నిపుల్ తల తుడవాలి, లేదంటే మట్టినే లోపలికి తోసినట్టు. పాత గ్రీజు, బురద బయటికి వచ్చి శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా కొట్టండి. నిపుల్ మూసుకుపోతే గ్రీజు పక్కల నుంచి కారిపోతుంది, లోపలికి పోదు. అది చూడక గ్రీజు కొట్టామనే అనుకుంటాం. నిపుల్ ఖరీదు చాలా తక్కువ, వెంటనే మార్చండి. స్టీరింగ్ తిప్పినప్పుడు కింగ్ పిన్ను కిర్రుమంటుంటే ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, బరువు తీసి గ్రీజు కొడితే అరిగే చోటికి గ్రీజు చేరుతుంది. నీళ్ల సర్వీసింగ్ చేయించిన తర్వాత కూడా ఇలాగే కొట్టాలి. ఒత్తిడి నీళ్లు సీళ్లు దాటి లోపలికి పోతాయి.

ట్రాక్టరు బ్రేకు ఒక వైపే అరుస్తుంటే మీ దున్నే పద్ధతి గుర్తు చేసుకోండి. మడి చివర ఎప్పుడూ ఒకే వైపుకు తిరిగేవారికి ఆ వైపు బ్రేకు ముందు అరుగుతుంది. రోడ్డు ఎక్కే ముందు రెండు పెడల్స్ కలిపే లాక్ తప్పనిసరిగా వేయాలి. రెండు వైపులా బ్రేకు సమానంగా పట్టేలా సర్దుబాటు చేయించాలి. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టర్లలో కీచు, అదురు వస్తే వెనక ఆయిల్ ఏది పోశారో అడగండి. కంపెనీ చెప్పిన రకం కాకుండా చవక గేరు ఆయిల్ పోస్తే ఆ బ్రేకులు అరుస్తాయి. ఆయిల్ మారిస్తే చాలాసార్లు బాగవుతుంది.

ట్రాలీని అందరూ మరచిపోతారు. ఎక్కువ ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు, బరువంతా ట్రాక్టరు బ్రేకుల మీదే పడుతుంది. ట్రాలీ హబ్బులు ఏడాదికి ఒకసారైనా, వరి కోతలకు ముందు, విప్పించండి. బేరింగులను కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, చక్రం బేరింగుల కోసం అమ్మే లిథియం గ్రీజును రోలర్ల మధ్యకు ఎక్కేలా అరచేతితో నొక్కాలి. పాత గ్రీజు మీద వేరే రకం గ్రీజు కలపవద్దు. బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, తర్వాత చక్రం స్వేచ్ఛగా తిరిగేంత కొద్దిగా వదులు చేసి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. పాత పిన్నును వంచి మళ్లీ వాడకండి. నాలుగు చక్రాల ట్రాలీ అయితే ముందు టర్న్ టేబుల్‌కు కూడా గ్రీజు కావాలి. మలుపుల్లో వచ్చే పెద్ద కీచు చాలాసార్లు అక్కడిదే. హుక్కు, పిన్ను రాపిడి వల్ల అరిగి సన్నబడితే గ్రీజు రాసి ఊరుకోక మార్చేయాలి.

రోటవేటరు నడిపేవారు పీటీవో షాఫ్టు క్రాసులకు రోజూ పని మొదలుపెట్టే ముందు గ్రీజు కొట్టాలి. ఇంజన్ ఆపి, పీటీవో విడదీశాకే చెయ్యి పెట్టండి.

ఈ పనులు చేతితో నేర్చుకోవాలనుకునే యువ రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ల నిర్వహణ, మరమ్మతులపై అక్కడ శిక్షణ ఇస్తారు. వివరాలు మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి.

మెకానిక్ దగ్గర

'చప్పుడు వస్తోంది, చూడు' అని బండి వదిలి రావద్దు. 'లోడుతో, 40 దాటాక, ఎడమకు తిప్పినప్పుడు, బ్రేకు వేస్తే ఆగుతోంది' అని చెప్పండి. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీద ఒక చక్కరు కొట్టండి. లోడుతోనే వచ్చే చప్పుడును ఖాళీ బండితో ఎవరూ పట్టుకోలేరు. బెల్టు బిగువు, మట్టి శుభ్రం, గ్రీజు, నట్ల బిగింపు వంటి ఖర్చులేని పనులు ముందు చేయించి, అప్పటికీ పోకపోతేనే సామాను మార్చడానికి ఒప్పుకోండి. బేరింగులు, ప్యాడ్లు, బెల్టులలో నకిలీలు ఎక్కువ. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి, తీసేసిన పాత సామాను అడిగి చేతిలోకి తీసుకుని చూడండి.

కొత్త ప్యాడ్లు, లైనర్లు వేయించాక మొదటి 200, 300 కిలోమీటర్లు గట్టి బ్రేకులు కొట్టకుండా, దూరం నుంచే మెల్లగా ఆపుతూ నడపండి. వీలైతే ఆ రోజుల్లో నిండు లోడు, ఘాట్ ప్రయాణం పెట్టుకోవద్దు. అప్పుడు కొద్దిపాటి చప్పుడు రావడం సహజం, ప్యాడ్ డిస్క్‌కు అమరుతోంది. ఆ తర్వాతా కీచుమంటుంటే బండిని తిరిగి అదే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేసి వాటికి సరైన గ్రీజు పెట్టారో లేదో విప్పి చూపించమనండి.